ముఖం కన్నా ముందు గొంతు వచ్చింది: జానీ లీవర్ క్యాసెట్ ఖిస్సా



ఎప్పుడూ గంభీరమైన తారీఖే రాస్తావు, ఒక్కసారైనా నవ్వు గురించి రాయవా అని మా ఆపా షికాయత్. సరే ఆపా, ఇది నీ కోసమే. కాకపోతే నవ్వుకీ ఒక తారీఖ్ ఉంది. అందులో మన ఇళ్ల భాగం కూడా ఉంది.

మా ఇంట్లో జానీ లీవర్ ముఖం ఎవరికీ తెలియకముందే ఆయన గొంతు తెలుసు. 80ల చివర్లో మా మామూ జిద్దా నుంచి ఛుట్టీ మీద వచ్చాడు. పెట్టె తెరిస్తే అత్తరు సీసాలు, జానమాజ్‌లు, ఖజూర్, వాటి మధ్యలో కంబళిలో చుట్టి పెట్టిన నేషనల్ పానాసోనిక్ టూ ఇన్ వన్. దానితోపాటు ఓ డజను క్యాసెట్లు. కొన్ని నాత్‌లవి, కొన్ని ఖవ్వాలీలవి, రెండు బయాన్‌లవి. ఒకదాని మీద మాత్రం కంపెనీ అట్ట లేదు. నీలం సిరాతో ఎవరో ఉర్దూలో చేత్తో రాశారు: 'హసీ కే హంగామే'. కింద 'జానీ' అని.

ఆ రాత్రి ఇషా అయ్యాక, దస్తర్‌ఖాన్ ఎత్తేశాక మామూ ఆ క్యాసెట్ పెట్టాడు. ఒక్క గొంతులోంచి పదిమంది మాట్లాడుతున్నారు. మధ్యమధ్యలో జనం నవ్వులు. మా నానీమా జిందగీలో సినిమా హాలు గడప తొక్కలేదు. ఏ స్టేజీ ప్రోగ్రామూ చూడలేదు. ఆమె ఆ రాత్రి ఓఢ్నీతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నవ్వు ఆగాక ఒక మాట అంది: "అప్నాచ్ పొట్టా దిస్తా". మన పిల్లోడిలాగే ఉన్నాడు అని.

ముసల్మాన్ పిల్లోడు అని ఆమె ఉద్దేశం. అది తప్పు. ఆయన తెలుగు క్రైస్తవుల ఇంటి బిడ్డ. కానీ మన పిల్లోడు అన్న మాట మాత్రం తప్పు కాదని చాలా ఏళ్ల తర్వాత, నేను అఖ్బార్ ఉద్యోగంలో చేరాక గానీ నాకు తెలియలేదు. ఆ గొంతు మనిషి పుట్టింది కనిగిరిలో. మా ఊరి నుంచి బస్సెక్కితే గంటన్నర.

కనిగిరి నుంచి ధారావికి

ఆయన అసలు పేరు జనుమల జాన్ ప్రకాశరావు. 1957 ఆగస్టు 14న పుట్టాడు. అప్పటికి ప్రకాశం జిల్లా అనేదే లేదు. కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేది. ప్రకాశం ఏర్పడింది 1970లో. వాన తక్కువ, నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, పొలం ఉన్నా పంట మీద భరోసా లేదు. ఆ తాలూకా నుంచి వలస పోవడం కొత్త సంగతి కాదు. ఇప్పటికీ ఆగలేదు.

తెలుగువాళ్లకు బొంబాయి దారి కూడా పాతదే. అక్కడి కామాఠీపురా అనే పేరే తెలుగు నేల నుంచి వెళ్లిన కామాఠీ కూలీల వల్ల వచ్చింది. ధారావి, మాటుంగా లేబర్ క్యాంపు, కింగ్స్ సర్కిల్ చుట్టుపక్కల తెలుగు బస్తీలు ఉండేవి. జాన్ తండ్రి హిందుస్తాన్ లీవర్ కంపెనీలో ఆపరేటర్. సబ్బుల కంపెనీ. కుటుంబం ధారావి ప్రాంతంలో ఉండేది. ఇంట్లో పిల్లలందరిలోకీ జానే పెద్దవాడు.

పెద్దకొడుకు అంటే ఏమిటో గరీబ్ ఇళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ వారి స్కూల్లో 7వ తరగతి వరకు చదివాడు. ఆ పైన చదివించే స్తోమత లేదు. బడి మానేశాక బొంబాయి వీధుల్లో పెన్నులు అమ్మాడు. అమ్మే పద్ధతి మాత్రం తనదే. హిందీ సినిమా స్టార్ల గొంతులు తీసేవాడు, వాళ్లలా డాన్స్ చేసేవాడు. జనం గుమిగూడేవారు. నవ్వినవాడు పెన్ను కొనకుండా పోవడానికి కాస్త మొహమాటపడతాడు కదా. బేరం అలా కుదిరేది.

మన హైదరాబాద్ వాటా కూడా ఒకటుంది. చిన్నతనంలో కొంతకాలం పాతబస్తీలోని యాకుత్‌పురాలో ఉన్నాడని, కామెడీలో తన ప్రత్యేకమైన పద్ధతి అక్కడే అబ్బిందని ఆయన గురించి రాసినవాళ్లు చెబుతారు. యాకుత్‌పురా గల్లీలు తెలిసినవారికి ఇందులో తాజ్జుబ్ ఏమీ ఉండదు. ఇరానీ హోటల్ ముందు పదినిమిషాలు నిలబడితే చాలు. ఒకరు ఇంకొకరి నడక తీస్తుంటారు, ఇంకొకరు మూడోవాడి గొంతు తీస్తుంటారు. అక్కడ ఎవరూ దాన్ని కళ అనరు. టైమ్‌పాస్ అంటారు.

కార్ఖానా పెట్టిన పేరు

తర్వాత తండ్రి పనిచేసే కంపెనీలోనే జాన్ కూడా కూలీగా చేరాడు. బరువైన పీపాలు మోసే పని. ఆరేళ్లు చేశాడు. పని మధ్యలో తోటి కార్మికులను నవ్వించేవాడు. బయట ప్రతాప్ జానీ, రామ్‌కుమార్ అనే మిమిక్రీ కళాకారుల దగ్గర పనితనం నేర్చుకున్నాడు. ఆర్కెస్ట్రా ప్రోగ్రాముల్లో పాటకీ పాటకీ మధ్య కాసేపు నిలబడి నవ్వించే అవకాశాలు రావడం మొదలైంది.

ఒకరోజు కంపెనీలో జల్సా జరిగింది. జాన్ స్టేజీ ఎక్కి, సినిమా స్టార్లను పక్కనపెట్టి, సొంత కంపెనీలోని పెద్ద అఫ్సర్లనే అనుకరించాడు. వాళ్లు నడిచే తీరు, మాట్లాడే తీరు అన్నీ తీసేశాడు. అఫ్సర్లు ముందు వరసలో కూర్చుని ఉంటే వెనక వందలమంది మజ్దూర్లు పగలబడి నవ్వారు. నువ్వు ఇక జాన్ కాదు, జానీ లీవర్‌వి అన్నారు. ఆ పేరు పెట్టింది సినిమా కంపెనీ కాదు, పీఆర్ మనిషీ కాదు. పక్కన నిలబడి పీపాలు మోసినవాళ్లు. ఆ పేరే చివరికి ఆయన ముద్ర అయింది.

ఈ చిన్న సంఘటన దగ్గర నేను ఎప్పుడూ ఆగుతాను. నవ్వు కింద నుంచి పైకి వెళ్లింది. రోజూ హుకుం ఇచ్చేవాణ్ణి ఒక్క సాయంత్రం మజ్దూర్ బొమ్మలా ఆడించాడు. జీతం పెరగలేదు, పీపా బరువు తగ్గలేదు. కానీ ఆ సాయంత్రం అందరి ఇజ్జత్ ఒక అంగుళం పైకి లేచింది. మన భాండ్‌లూ నక్కాల్‌లూ నవాబుల పెళ్లిళ్లలో నవాబుల మీదే నక్కల్ చేసి ఇనామ్ పట్టుకెళ్లేవాళ్లని పెద్దవాళ్లు చెప్పేవారు. తెలుగు పల్లెల్లో పగటివేషాలవాళ్లు కరణాన్నీ మునసబునీ ఆడించేవాళ్లు. జానీ లీవర్ ఆ ఖాందాన్‌కే చెందినవాడు. తేడా ఏమిటంటే ఆయన చేతికి మైకు, ఆ తర్వాత టేపు వచ్చాయి.

స్టేజీ మీద పేరు రాగానే ఆయన కల్యాణ్‌జీ ఆనంద్‌జీ దృష్టిలో పడ్డాడు. ఈ సంగీత దర్శకులైన అన్నదమ్ములు దేశవిదేశాల్లో పెద్ద స్టేజీ షోలు నడిపేవారు. ఆ బృందంలో జానీకి జాగా దొరికింది. స్టేజీ ఆదాయం నిలకడగా వస్తుండగా 1981లో ఫ్యాక్టరీ ఉద్యోగం మానేశాడు. 1982లో కల్యాణ్‌జీ ఆనంద్‌జీతో, అమితాబ్ బచ్చన్‌తో కలిసి పెద్ద విదేశీ టూర్‌కి వెళ్లాడు. ఏడాది కిందట పీపాలు మోసిన మనిషి!

కానీ స్టేజీకి ఒక హద్దు ఉంది. టికెట్ కొన్నవాడికే నవ్వు. అదీ పట్నంలో. మా నానీమా లాంటివాళ్లకు ఆ దారే లేదు. ఆ హద్దును దాటించింది క్యాసెట్. అయితే నవ్వును రికార్డు మీద అమ్మవచ్చన్న సంగతి ఇరవయ్యేళ్ల ముందే ఇంకోచోట రుజువైంది. ఆ ఖిస్సా కూడా వినాలి.

ఒక అకౌంటెంట్, ఒక రికార్డు

అమెరికాలో షికాగో దగ్గర బాబ్ న్యూహార్ట్ అనే అకౌంటెంట్ ఉండేవాడు. లెక్కల ఉద్యోగం ఆయనకు అచ్చిరాలేదు. ఒక స్నేహితుడితో కలిసి ఫోన్లో తమాషా సంభాషణలు చేసి, టేపు మీద ఎక్కించి రేడియో స్టేషన్లకు పంపేవాడు. తర్వాత స్నేహితుడు వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. న్యూహార్ట్ ఒక్కడే మిగిలాడు. ఫోను ఇవతలి మాటలు మాత్రమే చెప్పేవాడు, అవతలివాడు ఏమన్నాడో వినేవాడే ఊహించుకోవాలి. చూడండి, ఇది చెవికోసమే పుట్టిన హాస్యం. చూడడానికి అందులో ఏమీ లేదు.

షికాగోలోని ఒక రేడియో మనిషి ఆ టేపులను వార్నర్ బ్రదర్స్ రికార్డు కంపెనీకి వినిపించాడు. నీ తర్వాతి క్లబ్ ప్రోగ్రాంలో జనం ముందు రికార్డు చేద్దాం అన్నారు కంపెనీవాళ్లు. చిక్కేమిటంటే ఆయన అప్పటిదాకా ఏ నైట్ క్లబ్ స్టేజీ ఎక్కలేదు. హ్యూస్టన్‌లో ఒక చోటు వెతికి పట్టుకుని 1960 ఫిబ్రవరిలో రికార్డు చేశారు. అదే ఏడాది ఏప్రిల్లో ఆల్బం వచ్చింది. పేరు 'ది బటన్ డౌన్ మైండ్ ఆఫ్ బాబ్ న్యూహార్ట్'. పాటల ఆల్బంలన్నింటినీ దాటి బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఒక కామెడీ ఆల్బం అక్కడికి చేరడం అదే మొదటిసారి. గ్రామీలో ఆ సంవత్సరపు ఉత్తమ ఆల్బం అవార్డు కూడా దానికే. స్టేజీ ఎక్కని మనిషికి రికార్డు స్టేజీ ఇచ్చింది. ఆయన 2024లో 94 ఏళ్ల వయసులో పోయాడు. నివాళులు రాసినవాళ్లు ఆ రికార్డును గుర్తుచేసుకున్నారు.

అయితే ఇందులో ఖతరా కూడా ఉంది. 1962లో వాన్ మీడర్ అనే మిమిక్రీ కళాకారుడు అధ్యక్షుడు కెన్నెడీ గొంతు తీస్తూ 'ది ఫస్ట్ ఫ్యామిలీ' అనే ఆల్బం చేశాడు. లక్షల కాపీలు వారాల్లో అమ్ముడుపోయాయి. 1963 నవంబర్ 22న కెన్నెడీని కాల్చి చంపారు. దుకాణాల్లోంచి ఆ రికార్డులను తీసేశారు. మీడర్ కెరీర్ ఆ ఒక్కరోజుతో కూలిపోయింది. అరువు గొంతు మీద కట్టుకున్న ఇల్లు అది. ఈ సబక్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

మన దేశంలో ఆ రోజుల్లో రికార్డు అంటే ఎక్కువగా హెచ్‌ఎంవీ, అందులోనూ సినిమా పాట. మాటలు కూడా అమ్ముడుపోతాయని గట్టిగా చూపించింది 'షోలే'. 1975లో ఆ సినిమా వచ్చాక పాలిడోర్ కంపెనీ పాటలతో ఆగకుండా డైలాగులను కూడా రికార్డుగా వేసింది. పెళ్లి పందిట్లో, గణేశ్ మండపంలో, ఉర్సు సందళ్లో లౌడ్‌స్పీకర్లోంచి గబ్బర్ సింగ్ మాట్లాడాడు. సినిమా చూడని పిల్లలకు కూడా డైలాగులు కంఠతా వచ్చేశాయి. మిమిక్రీ చేసేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? ఎవరి గొంతు తీస్తున్నాడో జనానికి ముందే తెలిసి ఉండాలి. అప్పుడే చప్పట్లు. ఆ పని షోలే రికార్డు చేసిపెట్టింది.

మన ఇళ్లకైతే విని ఊహించుకోవడం ఇంకా పాత అలవాటు. మీలాద్‌లో చదివే వాఖియాత్, మజ్లిస్‌లో మర్సియా, అజీజ్ నాజాఁ ఖవ్వాలీ, మౌలానాల తఖ్రీర్, ఇవన్నీ చెవితోనే మన దగ్గరికి వచ్చాయి. తెలుగు వైపు చూస్తే వరంగల్లు నేరెళ్ల వేణుమాధవ్ ఒక్క గొంతుతో వందల గొంతులు పలికించి, 1971లో ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లివచ్చాడు. నేల ముందే దున్ని ఉంది. గింజ పడడమే మిగిలింది.

గల్ఫ్ పెట్టెలో వచ్చిన యంత్రం

ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్‌ను 1963లోనే బయటపెట్టింది. మన గల్లీలకు చేరడానికి మాత్రం 70ల చివరిదాకా పట్టింది. అది కూడా ఎక్కువగా దుకాణం దారిన రాలేదు, గల్ఫ్ దారిన వచ్చింది. హైదరాబాద్, కడప, కర్నూలు, నిజామాబాద్, కరీంనగర్‌ల నుంచి సౌదీకి, కువైట్‌కి, దుబాయ్‌కి వెళ్లిన మన మనుషులు మొదటి ఛుట్టీకి తెచ్చే సామానులో టేప్ రికార్డర్ తప్పనిసరి. ఇంట్లో కుర్చీ లేకపోయినా తాఖ్‌లో టూ ఇన్ వన్ ఉండేది. దాని మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పేవారు.

రికార్డు ప్లేయర్‌తో పోలిస్తే క్యాసెట్‌కు రెండు గొప్ప గుణాలున్నాయి. ఒకటి, చవక. గుల్షన్ కుమార్ టీ సిరీస్ వచ్చాక ఇంకా చవక. రెండు, దాన్ని మీరే నింపుకోవచ్చు. బజారులో రికార్డింగ్ షాపు ఉండేది. ఖాళీ టీడీకే, సోనీ క్యాసెట్ ఇచ్చి, కావలసినవి చీటీ మీద రాసి ఇస్తే సాయంత్రానికి ఎక్కించి ఇచ్చేవాడు. చట్టం దృష్టిలో అది చోరీ. దొంగ క్యాసెట్లు ఎంత పెరిగాయంటే 1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించి శిక్షలు పెంచాల్సి వచ్చింది. కంపెనీలకు నష్టం, కళాకారుడికి రావలసిన పైసా రాదు. అదంతా నిజమే. కానీ ఆ చోరీ కాపీల మీదే పేరు ఊరూరా పాకింది. మా మామూ తెచ్చింది కూడా అలాంటిదే, జిద్దాలో ఎవరి గదిలోనో ఎవరో ఎక్కించుకున్నది.

'హసీ కే హంగామే' ఇలాంటి రోజుల్లో వచ్చింది. జానీ లీవర్ స్టేజీ మీద చేసేదాన్ని క్యాసెట్ మీదికి ఎక్కించారు. దానితోనే ఆయన టికెట్ కొనని ఇళ్లలోకి ప్రవేశించాడు. బొంబాయి వెలుపల చాలామందికి ఆయన తొలి పరిచయం ఆ క్యాసెట్టే. దోమల కాయిల్ కఛువా ఛాప్ ప్రకటనలు కూడా చేశాడు, వాటిని తీసింది శేఖర్ కపూర్. సినిమా ఆయన్ని పెద్దగా పట్టించుకోకముందే ఇళ్లు ఆయన్ని పట్టించుకున్నాయి.

మన ఇళ్లలో ఈ క్యాసెట్‌కి ఉన్న విలువ ఇంకోటి ఉంది. పర్దా పాటించే ఆడవాళ్లు. సినిమా హాలుకు, ఆర్కెస్ట్రాకు, ముషాయిరాకు మగవాళ్లు వెళ్లేవారు. వచ్చాక నవ్వుకుంటూ చెప్పుకునేవారు. ఆడవాళ్లకు దక్కేది ఆ చెప్పుకోలు మాత్రమే, చల్లారిన చాయ్ లాగా. క్యాసెట్ వచ్చాక అదే నవ్వు వేడివేడిగా బావర్చీఖానాలోకి వచ్చింది. మా ఖాలాలు మధ్యాహ్నం పూట బియ్యం ఏరుకుంటూ వినేవారు. ఏ మాట తర్వాత ఏ గొంతు వస్తుందో మగవాళ్ల కన్నా వాళ్లకే బాగా తెలిసిపోయింది. రిబ్బన్ చిక్కుకుంటే పెన్సిల్ పెట్టి తిప్పేది కూడా వాళ్లే.

ఈ నవ్వు సరిహద్దు కూడా దాటింది. కరాచీలో ఉమర్ షరీఫ్ తన స్టేజీ నాటకాలను క్యాసెట్ల ద్వారా జనంలోకి పంపాడు. 1989 నాటి 'బకరా ఖిస్తోఁ పే' వీడియో క్యాసెట్ హిందుస్తాన్‌లోనూ చేతులు మారుతూ తిరిగింది. హైదరాబాద్ పాతబస్తీలో ఆ డైలాగులు తెలియని ఇల్లు అరుదు. 2021 అక్టోబర్ 2న ఇలాజ్ కోసం అమెరికా వెళ్తూ జర్మనీలో ఆయన పోయినప్పుడు మా ఫ్యామిలీ గ్రూపులో 'ఇన్నా లిల్లాహి' అని మొదట రాసింది మా ఖాలాయే.

ఎవరి మీద నవ్వు?

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మన జుబాన్ మీద నవ్వడం సినిమాకు కొత్త కాదు. 1965లో 'గుమ్‌నామ్' వచ్చింది. అందులో మెహమూద్ హైదరాబాదీ యాసలో మాట్లాడే నౌకరు. దేశమంతా నవ్వింది. మెహమూద్ గొప్ప నటుడే. కానీ ఆ తర్వాత మన 'హౌ', 'నక్కో' విన్న ప్రతిచోటా బయటివాళ్లకు వంటవాడో నౌకరో గుర్తొచ్చేవాడు.

అదే 1965లో హైదరాబాద్‌లో ఇంకో నవ్వు మొదలైంది. బబ్బన్ ఖాన్ 'అద్రక్ కే పంజే' నాటకం. అదే దఖ్నీ, అదే గరీబీ, ఇల్లు నిండా పిల్లలతో జీతం చాలని ఒక చిన్న గుమాస్తా. కానీ చెప్పేది మనవాడే, వినేదీ మనవాళ్లే. 2001 దాకా ఆడింది, గిన్నిస్ బుక్కులోకీ ఎక్కింది. ఒకే సంవత్సరం, ఒకే జుబాన్, రెండు నవ్వులు. ఒకటి మన మీద, ఒకటి మనతో.

నేను చదివింది ఉర్దూ మీడియం. మా ఉస్తాద్ ఒకాయన దఖ్నీ మాట నోట్లోంచి వస్తే బెత్తం చూపించేవాడు. 'యే జాహిలోఁ కీ బోలీ హై' అనేవాడు. డిగ్రీకి వచ్చి తెలుగు తీసుకుంటే క్లాసులో నా తెలుగు విని పిల్లలు నవ్వేవారు. ఉర్దూలో దఖ్నీవాణ్ణి, తెలుగులో తురకోణ్ణి. రెండు చోట్లా నోరు తెరవాలంటే షరమ్. మరి అదే కిచిడీ మాటలు, అదే ఎగుడుదిగుడు గొంతు టేపులోంచి వస్తే మాత్రం అదే పిల్లలు చప్పట్లు కొట్టారు. హాస్టల్లో ఒకరోజు నేను మామూ క్యాసెట్‌లోని గొంతులు తీశాను. ఆ తర్వాత నా తెలుగు మీద నవ్వేవాళ్లు తగ్గారు. నాతో నవ్వేవాళ్లు పెరిగారు.

కనిగిరి నుంచి ధారావికి, మధ్యలో యాకుత్‌పురాకు తిరిగిన మనిషికి ఏ జుబానూ పూర్తిగా సొంతం కాదు, ఏదీ పరాయిదీ కాదు. తెలుగు ఇంట్లో, హిందీ వీధిలో, మరాఠీ కార్ఖానాలో, దఖ్నీ గల్లీలో. స్కూలు అతనికి 7వ తరగతి వరకే ఇచ్చింది. మిగతా చదువంతా చెవులతో చదివాడు. క్యాసెట్ ఆ చదువుకు సనద్ ఇచ్చింది. టేపుకు రంగు తెలియదు, చొక్కా తెలియదు, ఎంత చదివాడో తెలియదు. హీరో ముఖం లేని నల్లటి గరీబ్ పిల్లోడికి సినిమా గేటు ముందు ఎంతకాలం నిలబడాల్సి వచ్చేదో మనం ఊహించగలం. ఆ గేటు తెరుచుకోకముందే క్యాసెట్ అతన్ని ఇంటింటికీ తీసుకెళ్లింది.

టేపు నుంచి తెరకు

సినిమా దారి మెల్లగా తెరుచుకుంది. స్టేజీ షోలో చూసిన సునీల్ దత్ తన 'దర్ద్ కా రిష్తా'లో మొదటి అవకాశం ఇచ్చాడు. అది 1982. నర్గిస్ కేన్సర్‌తో పోయిన మరుసటి ఏడాది ఆయన తీసిన సినిమా. ఆ తర్వాత కొన్నేళ్లు చిన్నాచితకా వేషాలే. 1986లో 'హోప్ 86' అనే చారిటీ షో జరిగింది. సినిమా పరిశ్రమ పెద్దలంతా ముందు కూర్చున్నారు. జానీని ఖాళీ పూరించడానికి స్టేజీ ఎక్కించారు. కార్ఖానా జల్సా మళ్లీ జరిగినట్టే అయింది. ముందు వరసలో పెద్దవాళ్లు, స్టేజీ మీద వాళ్ల గొంతులు తీసేవాడు. ఆ షో చూసిన నిర్మాత గుల్ ఆనంద్ నసీరుద్దీన్ షా హీరోగా తీస్తున్న 'జల్వా'లో వేషం ఇచ్చాడు.

1993లో 'బాజీగర్' వచ్చింది. మతిమరుపు నౌకరు బాబూలాల్‌గా ఆయన్ని చూసినవాళ్లు ఇక మర్చిపోలేదు. తర్వాత వందల సినిమాలు. 'దీవానా మస్తానా', 'దుల్హే రాజా'లకు ఫిలింఫేర్ ఉత్తమ హాస్యనటుడి అవార్డులు. వాన్ మీడర్ ఇల్లు ఎందుకు కూలిందో గుర్తుందిగా? జానీ లీవర్ ఒక్క గొంతు మీద ఇల్లు కట్టుకోలేదు. అందరి గొంతులూ తీసి తీసి, వాటి మధ్యలో తన గొంతు ఏదో కనుక్కున్నాడు. ఇప్పుడు ఆయన గొంతును ఇతరులు తీస్తున్నారు. ఆయన కూతురు జేమీ లీవర్ కూడా స్టేజీ మీద నిలబడి నవ్విస్తోంది. బొంబాయి మజ్దూర్లు సరదాగా పెట్టిన పేరు రెండో తరానికి ఇంటిపేరైంది.

మా ఇంట్లో ఆయన్ని తెర మీద మొదట చూసింది టీవీలో వచ్చిన 'బాజీగర్'తోనే. నానీమా చత్వారపు అద్దాల్లోంచి చూసి, ముఖం గుర్తుపట్టలేదు. నోరు తెరవగానే "అరే, యే తో అప్నా టేప్‌వాలా!" అంది. మేమంతా నవ్వాం.

క్యాసెట్ రెండో వైపు

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న సంగతి. ఆ రోజుల్లో మన ఇళ్లలో క్యాసెట్‌కు ఇంకో పని ఉండేది. ఉత్తరం. చదువు రాని అమ్మలు, రాయడం రాని బీవీలు టేప్ రికార్డర్ ముందు కూర్చుని సలాం చెప్పి, పిల్లల సంగతులు, అప్పుల సంగతులు, పెళ్లి సంబంధాల సంగతులు మాట్లాడి, ఆ క్యాసెట్ గల్ఫ్ వెళ్లేవాళ్ల చేతికి ఇచ్చి పంపేవారు. అక్కడి నుంచి అలాగే జవాబు వచ్చేది. కరీంనగర్ పల్లెలో అయినా, కడప మొహల్లాలో అయినా ఇది మామూలే.

మామూ తిరిగి జిద్దా వెళ్లేటప్పుడు నానీమా ఆ నవ్వుల క్యాసెట్‌నే చేతికిచ్చింది. రెండో వైపు చివర కొంత ఖాళీ ఉంటే అందులో తన మాట ఎక్కించింది. ముందు జానీ నవ్వులు, తర్వాత నానీమా దువా. మామూ చెప్పేవాడు: గదిలో ఎనిమిది మందిమి, రాత్రి డ్యూటీ నుంచి వచ్చి అది పెట్టుకునేవాళ్లం, మొదట నవ్వేవాళ్లం, చివర్లో ఎవరూ మాట్లాడేవాళ్లం కాదు అని. ఆ ఎనిమిదిమందిలో మలబారీ ఉన్నాడు, పఠాన్ ఉన్నాడు, సిరిసిల్ల తెలుగు పిల్లోడున్నాడు. నానీమా దఖ్నీ ఎందరికి అర్థమైందో తెలియదు. అమ్మ మాట్లాడుతోందని మాత్రం అందరికీ అర్థమైంది.

నానీమా 2003లో పోయింది. క్యాసెట్ ఎక్కడుందని మామూను అడిగితే తల వంచుకున్నాడు. గది మారేటప్పుడు ఎవరో దాని మీద సినిమా పాటలు ఎక్కించేశారట. జానీ లీవర్ గొంతు ఎక్కడికీ పోలేదు. సినిమాల్లో, ఫోనుల్లో వేల చోట్ల భద్రంగా ఉంది. నానీమా గొంతు ఆ ఒక్క టేపులోనే ఉండేది.

మీ ఇంట్లో అటక మీద, పాత ట్రంకులో, అల్మారీ అడుగున క్యాసెట్లు ఉండే ఉంటాయి. పైన ఏమి రాసి ఉందో చూసి పారేయకండి. 'ఖవ్వాలీ' అని రాసి ఉన్నదాని చివర్లో మీ దాదీ ఉండవచ్చు. కామెడీ క్యాసెట్ రెండో వైపు మీ అబ్బా కుర్రతనపు గొంతు ఉండవచ్చు. టేపు బూజు పట్టకముందే, రిబ్బన్ తెగకముందే ఒకసారి చివరిదాకా వినండి. పెద్ద పట్నాల్లో వాటిని ఫోనులోకి ఎక్కించి ఇచ్చే దుకాణాలు ఇంకా ఉన్నాయి. పిల్లలకు జానీ లీవర్ ఎలాగూ దొరుకుతాడు. ఆయనతోపాటు ఆ గదిలో నవ్విన మనవాళ్లు దొరకాలంటే మాత్రం మనమే వెతకాలి.

ఖుదా హాఫిజ్.